కత్తిరి ఎండలో మూడు జాతకాలు

స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన స్వామికి మొదటి నమస్కారం. పిలిచిన చోట ఉన్నవాడికి, ఎండకూ చలికీ మాట మార్చనివాడికి, అన్యాయం చేసినవాణ్ణి వెతుక్కుంటూ వాడి గడప మీదికే వచ్చి కూర్చునేవాడికి నమస్కారం. ఆయన ఒడిలో లక్ష్మీదేవి కూర్చున్న పటానికి దండం పెట్టుకొని తృప్తిపడేవాళ్ళు మా గోష్ఠిలో చాలామంది ఉన్నారు. శాంతమూర్తి అని వాళ్ళు పాడుతుంటే నేనూ గొంతు కలిపాను. కానీ నా మనసు చిన్నప్పటినుంచీ ఆ శాంతానికి ముందున్న రూపం దగ్గరే ఆగిపోయింది. గోళ్ళున్న రూపం దగ్గర. ఆయన కోపం కూడా ఆయన దయలో భాగమేనని మా తాత చెప్పేవాడు. ఆ దయ కోసమే నేను ఇన్నేళ్ళు కాచుకొని కూర్చున్నాను.

దేవరాజులు మామ పోయాడు. రెడ్డియార్‌పాళయంలో మా పెరుమాళ్ళ గుడిలో కలిసి కూర్చొని పారాయణం చేసే బృందానికి, అంటే మా గోష్ఠికి, చాలా ఏళ్ళుగా పెద్ద ఆయనే. కబురు వచ్చేసరికి పద్మక్క వాకిట్లో కత్తిపీట ముందు కూర్చొని ములగాకు దూస్తోంది. ఆకు పక్కన పెట్టి, లేచి, స్నానం చేసి, ఇడ్లీ పిండి గిన్నె పొయ్యి దగ్గరికి లాగింది.

“ఎవరికక్కా?” అన్నాను.

“దేవమామ ఇంటికి. ఈపొద్దు ఆళ్ళు పొయ్యి ఎలిగించరు గదా.”

“నువ్వు చేస్తావా? ఆయనింటికి?”

“ఆకలి ఆయనకు లేదు లేవే. ఇంట్లో ఉండేవాళ్ళకు ఉంటాది,” అని మూత పెట్టింది.

నేను దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తీశాను. కుంకుమ కింద, దూది చుట్టలో, మిరియపు గింజ కంటే కాస్త పెద్దదైన ఒక నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. కంప్యూటర్ లోపల రెండు ఇనుప ముళ్ళకు తొడిగే మూత అది, జంపర్ అంటారు. ఆ మూత ఏ ముళ్ళ మీద ఉంటే ప్రాసెసర్ ఆ వేగంతో నడిచే కాలం ఒకటి ఉండేది. చూడనివాళ్ళకు అది చెత్త. మా అక్క జీవితం మాత్రం దాని కిందే నలిగింది.

అప్పటి మా ఇంటి సంగతి చెప్పాలి. తెల్లవారకముందే తాత చెంబు చప్పుడుతో ఇల్లు లేచేది. ఆయన స్నానం, తడి పంచె, నామం గీసుకునే వెదురు పుల్ల, తులసి నీళ్ళ వాసన, వాటన్నిటి మీదా తేలుతూ ఆయన ముక్కుపొడి ఘాటు. అమ్మ మమ్మల్ని చిన్నప్పుడే విడిచి దేవుడి దగ్గరికి పోయింది, నాన్న ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉండేవాడు. అందుకని నన్నూ అక్కనూ పెంచింది తాతా, గోష్ఠీ. పారాయణంలో ఎవరైనా తొందరపడితే తాత చెయ్యి పైకెత్తేవాడు. అందరూ ఆగాలి. మళ్ళీ మొదటి పాదం నుంచి ఎత్తుకోవాలి. “యాడికి పోవాల? బస్సు పట్టుకోవాలా?” అని ఒక్క మాట. ఎంత పెద్ద మనిషైనా ఆ మాటకు తల వంచుకునేవాడు. అక్క పెరుమాళ్ళకు మాలలు కట్టేది. ఆమె వేళ్ళకు ఎప్పుడూ మరువం వాసన. గోష్ఠిలో ఆడవాళ్ళ వైపు మొదటి గొంతు ఆమెదే.

గోష్ఠిలో ఏ బిడ్డ పుట్టినా జాతకం వేసేది తాతే. పలక మీద బలపంతో వేసేవాడు. మొత్తం లెక్క అయ్యాక పలక తుడిచేసి, కాళ్ళు కడుక్కొని వచ్చి, ఇంకొకరి లెక్కను పరీక్షించేవాడిలాగా మళ్ళీ మొదటినుంచి వేసేవాడు. రెండూ ఒకటైతేనే కాగితం మీదికి ఎక్కించేవాడు. ఆ కాగితం గుడిలో పెరుమాళ్ళ పాదాల దగ్గర పెట్టి తెచ్చేవాళ్ళు. పాదాల దగ్గర పెట్టిన జాతకాన్ని ఇక ఎవరూ తిరిగి వెయ్యకూడదు, తప్పుపట్టకూడదు. అది మా వాళ్ళ కట్టుబాటు. పాదాల కట్టుబాటు అందరికీ గుర్తుండిపోయింది. దాని వెనక నిలబడిన రెండో లెక్క గురించి ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే అది మా ఇంటి నడవలో, తాత ఒక్కడే కూర్చొని చేసే పని.

దేవరాజులు మామ మాకు దూరపు వరస. మెయిన్ రోడ్డులో బస్ స్టాపు దగ్గర రేకుల కప్పున్న గదిలో ‘కంప్యూటర్ జాతకం’ పెట్టాడు. రోడ్డుకు అవతల ఇంకొకాయన అదే పని చేసేవాడు. ఇద్దరి దగ్గరా ఒకే రకం ప్రోగ్రాం. ఇక మిగిలింది వేగం. మామ తన మెషీన్ పెట్టె మూత తీసేసి, దాని పొట్టలోకి టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టాడు. వచ్చినవాళ్ళంతా అదేదో గొప్ప యంత్రమని నోరు తెరుచుకొని చూసేవాళ్ళు. నేను అప్పుడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నాను. ఒకసారి గుడి ఉత్సవం పత్రిక ప్రింటు తీయించడానికి వెళితే, మెషీన్ మొదలయ్యేటప్పుడు తెర మీద పడే అంకె వేలితో చూపించాడు.

“సూడు పాపా. ఇది మూడు వందల మెగాహెర్ట్జ్ వేగందని అమ్మినారు. నేను నాలుగు వందల యాభైలో ఉరికిస్తా ఉండా. ఓవర్‌క్లాకింగ్ అంటారు దీన్ని. మీ కాలేజీలో చెప్పినారా?”

“చెప్పినారు మామా. వేడెక్కితే లెక్క తప్పుతాదని కూడా చెప్పినారు.”

“వేడెక్కితే ఆగిపోతాది పాపా, లెక్క తప్పదు. మనిషి లెక్క తప్పుతాడు. మీ తాత ఒక జాతకం వేసే లోపల నేను ఊరందరికీ వేసి ఇస్తా.”

ఆగిపోతుంది, లెక్క తప్పదు. ఆ మాటలో సగమే నిజం. ప్రాసెసర్‌ను దాని హద్దు దాటించి నడిపితే ఒక్కోసారి బిగుసుకుపోయి ఆగిపోతుంది. అది అదృష్టం, ఎందుకంటే తప్పు కంటికి కనబడుతుంది. ఒక్కోసారి ఆగదు. తెర చక్కగా వెలుగుతూనే ఉంటుంది, ప్రింటర్ కిర్రుమంటూనే ఉంటుంది, లోపల ఎక్కడో ఒక్క గుణకారం మాత్రం జారిపోతుంది. అందుకే మా ల్యాబులో సారు వేగాన్ని ఎప్పుడూ మెచ్చుకునేవాడు కాదు. ఒకే లెక్కను మళ్ళీ మళ్ళీ చేయించండి, ప్రతిసారీ అదే జవాబు వస్తేనే ఆ మెషీన్‌కు నిలకడ ఉన్నట్టు అనేవాడు. నాకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. పలక తుడిచి కాళ్ళు కడుక్కొని వచ్చే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

అక్కకు అరియాంకుప్పం నుంచి ఒక సంబంధం వచ్చింది. శ్రీనివాసులని, వ్యవసాయం చేసే ఇంటి అబ్బాయి. గుడిలో మైకు పాడైతే బాగుచేయడానికి వచ్చేవాడు. ఒకసారి మైకు పరీక్షించడానికి అక్కను పాడమన్నాడు. అక్క ఒక పాట పాడింది. “సరిగ్గా ఇనబడలేదు, ఇంకొకటి,” అన్నాడు. అది అయ్యాక ఇంకొకటి అన్నాడు. అప్పటికి మైకు బాగయి ఎంతసేపైందో గుడిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆరోజు ఇంటికి వచ్చాక అక్క మాల కడుతూ కడుతూ ఉత్త దారమే ముడివేసుకుంటూ పోయింది. నేను చూసి నవ్వితే మరువం కట్ట నా మీదికి విసిరింది. మా అక్క అలా విసరడం నేను మళ్ళీ చూడలేదు.

తాత వేసిన అక్క జాతకం తెలుగు అక్షరాల్లో ఉంది; సొంత మనుమరాలిది గదా, పెళ్ళి మాట వచ్చినప్పుడు పెడదామని దాన్ని ఇంకా పాదాల దగ్గర పెట్టలేదు. చుట్టూ తమిళ బడులే గనుక మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం చాలామందికి రాదు. శ్రీనివాసులు వాళ్ళమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, “మాకు అరవంలో ప్రింటు తీసి ఇయ్యండి, మా జోస్యరు సదవాల గదా,” అంది. న్యాయమే. చిత్తిర నెల నడి మధ్యాహ్నం, రేకులు కాలిపోతుండగా దేవరాజులు మామ ప్రింటు తీశాడు. తీసిన కాగితం వేడి ఆరకముందే తానే గుడికి తీసుకుపోయి పాదాల దగ్గర పెట్టించి, తానే అరియాంకుప్పం చేర్చాడు. సహాయం చేస్తున్నాననే అనుకొని ఉంటాడు. అందులో ఏడో ఇంట సెవ్వాయి ఉంది. అంటే కుజుడు. ఏడో ఇంట ఉంటే దోషం. తాత లెక్కలో కుజుడు ఆరో ఇంట్లో ఉన్నాడు. దోషం లేదు.

సంబంధం నిలిచిపోయింది. ఇంకోసారి ప్రింటు తీయిద్దామని శ్రీనివాసులు బతిమాలాడట. పాదాల దగ్గర పెట్టింది మళ్ళీ తియ్యడమేందని వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. నేను తాత ముందు నిలబడి అడిగాను.

“నువ్వు రెండుసార్లు వేసినావు గదా తాతా. ఆయన ఒక్కసారి తీసినాడు. నువ్వైనా పోయి చెప్పు.”

తాత ముక్కుపొడి డబ్బీ తెరిచి, పీల్చకుండానే మూశాడు. “పాదాల దగ్గర పెట్టేసినారు పాపా.”

“తప్పు కాగితం పెట్టినారు!”

“ఈ కట్టుబాటు అందురికీ చెప్పింది నేనే. మన ఇంటి బిడ్డకని నేనే తప్పితే, రేపు ఎవురు నిలబడతారు?” అన్నాడు. ఆ పూట ఆయన భోజనం చేయలేదు. అక్క మాత్రం విస్తరి ముందు కూర్చొని పెరుగన్నం దాకా తిని, విస్తరి మడిచి లేచింది. గోష్ఠిలో ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం ఆ వారం నుంచే మొదలైంది. సుమంగళులకు తాంబూలం అందించే పళ్ళెం ఆమె చేతికి రావడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే అన్నీ జరిగిపోయాయి.

నేను ఊరుకోలేదు. మెషీన్‌ను హద్దు దాటించి నడుపుతున్నాడని గోష్ఠి పెద్దలందరికీ చెప్పాను. మామ నవ్వి, మార్గళి నెల పారాయణం అయ్యాక అందరినీ షాపుకు రమ్మన్నాడు. నేను ఫ్లాపీలో చిన్న ప్రోగ్రాం రాసుకొని వెళ్ళాను. ఒకే లెక్కను తిప్పి తిప్పి చేస్తుంది. ఒక్కసారి జవాబు మారినా పీప్ మని అరుస్తుంది. మంచు పడి రేకుల మీద నీళ్ళు కారుతున్నాయి. సముద్రం మీది గాలి శాలువాల్లోకి దూరుతోంది. అందరూ దొన్నెల్లో మిరియాల పొంగలి తింటూ మెషీన్ చుట్టూ నిలబడ్డారు. పొంగలి అయిపోయింది, కాఫీ కూడా అయిపోయింది. పీప్ రాలేదు.

“ఏం పాపా, నీ ఫ్లాపీకి గొంతు పట్టేసిందా? చలి గదా!” అన్నాడు మామ. అందరూ నవ్వారు. ఆయనకు అది చాలలేదు. “నా మెషీన్‌కు ఏ దోషమూ లేదప్పా. ఉండేది యాడుందో మీకే తెలుసు,” అన్నాడు.

పెరుమాళ్ళ మాల గుడిలో ఇచ్చి మమ్మల్ని పిలవడానికి వచ్చిన అక్క అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది. ఆ మాట మొత్తం విన్నది. తాత చేతిలోని దొన్నె తీసుకొని, “పోదాం తాతా, చలిగా ఉంది,” అంది. అంతే. ఆ క్షణం నుంచి నేను దేవుణ్ణి ఒక్కటే అడిగాను. ఈ మనిషి, ఇదే గోష్ఠి ముందు, ఇదే నోటితో, “పద్మావతి జాతకంలో దోషం లేదు, దోషం నా మెషీన్‌ది,” అనాలి. మొక్కు మొక్కాను. శనివారాలు ఉపవాసాలు ఉన్నాను. అడిగింది అంతకు మించి ఏమీ లేదు.

ఇంటికి వస్తూ దారిలోనే నాకు తెలిసిపోయింది నేను ఏం తప్పు చేశానో. చలిలో పరీక్ష పెట్టాను. అక్క కాగితం పుట్టింది ఎండలో. అప్పుడు నేను ఎండ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. మార్గళి వెళ్ళి తై నెల రాగానే శ్రీనివాసులు పెళ్ళి ఇంకెక్కడో కుదిరి జరిగిపోయింది. గోష్ఠి తరఫున వధూవరుల మాలలు కట్టాల్సింది అక్కే. కట్టింది. ఎప్పటికంటే బిగువుగా కట్టింది. నేను పక్కన పూలు అందిస్తూ, ఒక్కో పువ్వుకూ ఒక్కో శాపం లోపల పెట్టుకున్నాను. ఆ ఏడు ఊరంతా వాన కోసం పూజలు చేస్తే నేను ఒక్కదాన్నే, స్వామీ, కాల్చు, రేకులు కాల్చు, మెయిన్ రోడ్డు తారు కరిగించు అని మొక్కుకున్నాను. నా మొక్కు విన్నాడు. ఆ కత్తిరి, అంటే చిత్తిర చివర వచ్చే ఆ అగ్ని రోజులు, మా ఊరివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నంత తీవ్రంగా వచ్చాయి.

ఆ కత్తిరిలోనే దేవరాజులు మామకు కొడుకు పుట్టాడు. చాలా కాలం తర్వాత పుట్టిన బిడ్డ. ఆయన సంతోషం పట్టలేక గోష్ఠి పెద్దలందరినీ గుడిలో మధ్యాహ్నం సేవ అవగానే షాపుకు పిలిచాడు. జాతకం తన మెషీన్‌లోనే తీసి, అందరూ ఊరేగింపుగా పోయి పాదాల దగ్గర పెట్టాలని. నేను తాత చెయ్యి పట్టుకొని వెళ్ళాను. లోపల ఇసుక వేయించే మూకుడు వాసన. ఫ్యాన్ వేడిగాలినే తిప్పి తిప్పి మెషీన్ మీదికి కొడుతోంది. ప్రింటర్ కిర్రుమంది. కాగితం వచ్చింది. మామ కళ్ళకద్దుకొని పళ్ళెంలో పెట్టాడు. ఎనిమిదో ఇంట సెవ్వాయి, అదీ దోషమే అని ఎవరో చదివితే, “మొగపిల్లోడికి అదేం లెక్కప్పా!” అని నవ్వాడు.

“మామా,” అన్నాను. “ఇంకా పాదాల దగ్గర పెట్టలేదు గదా.”

“లేదు. ఏం?”

“పెట్టకముందు మళ్ళీ తియ్యొచ్చు గదా. కట్టుబాటు ఏమీ తప్పదు. ఇంకొకటి తియ్యండి.”

“దేనికి? ఇది ఉంది గదా.”

“అత్తమ్మ పుట్టింటోళ్ళకు ఒకటి కావద్దా?”

పెద్దల్లో ఒకాయన, “అవునప్పా, ఆళ్ళకీ ఒకటి తియ్యి,” అన్నాడు. మామ నా ముఖం చూశాడు. నేనేం అడుగుతున్నానో ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. కానీ అందరి ముందూ వద్దనడం ఎట్లా? తీశాడు. అదే పేరు, అదే సమయం, అదే ఊరు. నేను కాగితం తీసుకొని మొదటిదాని పక్కన పెట్టాను. కుజుడు తొమ్మిదో ఇంట్లో ఉన్నాడు, దోషం లేదు. ఒక్క బిడ్డ. రెండు ఆకాశాలు.

పెద్దలు రెండు కాగితాల మీదికీ వంగారు. “మూడోది తియ్యండి మామా,” అన్నాను. నా గొంతు అంత చల్లగా ఉంటుందని నాకే తెలియదు. ఆయన మళ్ళీ మీట నొక్కాడు. మూడోది సగం ప్రింటు అయి ఆగిపోయింది. తెర బిగుసుకుపోయింది. ప్రింటర్ ఒకే గీత మీద ఆగి వేడెక్కిన రిబ్బన్ వాసన వచ్చింది.

“కరెంటు,” అన్నాడు మామ. “కరెంటు సరిగ్గా లేదు ఈపొద్దు.”

“కరెంటు కాదు దేవరాజూ,” అన్నాడు తాత. ఆయన గొంతెత్తలేదు, చెయ్యి ఎత్తాడు. పారాయణంలో ఎత్తినట్టే. “మొదటినుంచి ఎత్తుకో.”

మామ మెషీన్ ఆపేసి, కనుబొమల వెంట్రుకలు పీకే చిమటాతో లోపలినుంచి ఆ నల్ల మూత లాగాడు. అది తీసేస్తే మెషీన్ తన అసలు వేగానికి దిగిపోతుంది. చెమటకు జారి మూత నేల మీద పడింది. నేను దాని మీద కాలు పెట్టాను. ఆయన చూశాడు, అడగలేదు.

అక్కడే, అప్పుడే, ఆ ఒక్క మాట గోష్ఠిలో చెప్పమని అడిగాను. “సూద్దాం పాపా,” అన్నాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు ఈ మాట బయటికి పోతే, ఇన్నాళ్ళూ ఆయన తీసిన జాతకాలన్నీ ఏం కావాలి, కుదిరిన పెళ్ళిళ్ళు ఏం కావాలి, గోష్ఠి రెండుగా చీలిపోతుందని వాళ్ళ భయం. అందరికంటే ఎక్కువ భయపడింది మా తాతే. మామ మెషీన్ మళ్ళీ వెయ్యకుండానే, ఆ రెండు కాగితాల్లో మొదటిదే తీసుకొని గుడికి నడిచాడు. అందరి ముందూ కళ్ళకద్దుకున్నదాన్ని పక్కన పెట్టి రెండోది సరి అంటే మెషీన్ తప్పినట్టు, మెషీన్ తప్పితే పద్మ మాట బయటికి వచ్చినట్టు. నోరు విప్పడం ఇష్టంలేక ఆ దోషాన్ని కన్నకొడుకు మెడలో వేసుకుపోయి పాదాల దగ్గర పెట్టాడు. చూస్తూ నిలబడ్డాను. స్వామీ, మొదలుపెట్టావు అనుకున్నాను.

మరుసటి రోజు తాత ఆ మెషీన్ మీదే, దాని అసలు వేగంలో, అక్క జాతకం మళ్ళీ తీయించాడు. కుజుడు ఆరో ఇంట్లో, తాత పలక మీద ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. గుడిలో ఎవరూ లేని సమయం చూసి ఆ కాగితం పాదాల దగ్గర పెట్టి వచ్చాడు. తన కట్టుబాటు తాను తప్పిన ఒకే ఒక్కసారి అది. “పెరుమాళ్ళకు చెప్పినా పాపా,” అన్నాడు.

“ఆయనకు ముందే తెలుసు తాతా. తెలియాల్సింది మనుషులకు,” అన్నాను. తాత ముక్కుపొడి డబ్బీ నడుములో దోపుకొని లేచాడు. ఆ తర్వాత పారాయణంలో ఆయన చెయ్యి ఎత్తడం నేను చూడలేదు. ఎవరు తొందరపడినా ఊరుకునేవాడు.

నేను ఊరుకోలేదు. శుక్రవారం భజనకు వచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్పాను, దేవరాజులు దగ్గరికి పోతే పాదాల దగ్గర పెట్టకముందే రెండుసార్లు తీయించుకోండి, పొద్దున ఒకటి, ఎండలో ఒకటి అని. ఎందుకో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, ఆడవాళ్ళు అడిగేసరికే ఆయన ముఖం మాడిపోయేదట. నిదానంగా నడిచే మెషీన్‌తో ఆయనకు పోటీ కుదరలేదు. షాపు మూతపడిన రోజు నేను అరటిపండ్లు, కొబ్బరికాయ తీసుకొని గుడికి పోయాను. అయినా ఆయన మునిగిపోలేదు. ఇళ్ళ స్థలాల వ్యాపారంలో దిగి పైకి లేచాడు. తాత పోయాక గోష్ఠికి పెద్ద అయ్యాడు. తాత కూర్చున్న పలక పీట మీదే కూర్చున్నాడు. మార్గళి పొంగలి పంచేటప్పుడు అక్క దొన్నెలో రెండు జీడిపప్పులు ఎక్కువ వేసేవాడు. జీడిపప్పులు వేసేవాడు గానీ ఆ ఒక్క మాట వెయ్యలేదు. అక్కకు తర్వాత సంబంధాలు వచ్చాయి. ఎవరు జాతకం అడిగినా, “నన్ను మళ్ళీ ప్రింటు తియ్యొద్దు,” అనేది. నవ్వుతూనే అనేది.

ఇప్పుడు కాలం వేరు. ఇప్పటి ప్రాసెసర్లు పని ఉన్నప్పుడు తామే వేగం పెంచుకుంటాయి, వేడెక్కితే తామే తగ్గించుకుంటాయి. సిలికాన్ ముక్కకు కూడా తన హద్దు తెలిసే రోజు వచ్చింది. జాతకం ఫోన్‌లోనే వచ్చేస్తోంది, ఎవరూ పాదాల దాకా తీసుకుపోవడం లేదు. రెండోసారి లెక్క వేసేవాళ్ళు కూడా లేరు. తాత నాకు చేత్తో వెయ్యడం నేర్పిపోయాడు గనుక నేను వేస్తాను, పలక మీద, రెండుసార్లు. అడిగేవాళ్ళు తక్కువ. ఇంకొకటి కూడా మారింది. మగపిల్లవాడి దోషాన్ని ఆడపిల్లల వాళ్ళు ఇప్పుడు లెక్కపెడుతున్నారు. దేవరాజులు మామ కొడుకు హరికి ఎన్ని సంబంధాలు చూసినా ఎనిమిదో ఇంటి సెవ్వాయి దగ్గర ఆగిపోతున్నాయి. ఆ కాగితం పాదాల దగ్గర పెట్టిందాయె. ఒక్కో సంబంధం తప్పిన కబురు వచ్చినప్పుడల్లా నేను దీపంలో నూనె పోశాను. అది దేవుడి తీర్పని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

పదమూడో రోజు వాళ్ళింట్లో గోష్ఠి కూర్చుంది. పారాయణం అయ్యాక పోయినవారి గురించి ఒక్కొక్కరూ ఒక మంచిమాట చెప్పడం మా ఆనవాయితీ. దండ వేసిన ఫోటోలో మామ చిరునవ్వుతో ఉన్నాడు. ఆయన చేసిన అన్నదానాలు చెప్పారు, కట్టించిన మండపం చెప్పారు. నా వంతు వచ్చింది. కొంగుముడి విప్పి ఆ నల్ల మూత తీసి ఫోటో ముందున్న పళ్ళెంలో పెట్టాను.

“దేవమామ చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. ఆయన తరఫున నేను చెబుతా ఉండా. పద్మావతి జాతకంలో దోషం లేదు. దోషం ఆయన మెషీన్‌ది. కత్తిరి ఎండలో, ఈ గోష్ఠి పెద్దల ముందరే, ఆయన కొడుకు జాతకం రెండుసార్లు తీస్తే రెండు రకాలుగా వచ్చింది. మూడోసారి మెషీన్ ఆగిపోయింది. ఆ పెద్దలందరూ పోయినారు. నేను ఉండా.”

వంటింట్లో తిరుగుతున్న మిక్సీని ఎవరో ఆపేశారు. అత్తమ్మ తల పైకెత్తలేదు. నేను అక్క వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకొని ఉంది. ఇన్నేళ్ళు మోసిన మాట దించేశాక తేలికగా ఉంటుందనుకున్నాను. తేలికగా లేదు. తియ్యగా ఉంది. దాచుకోను, తియ్యగానే ఉంది.

అప్పుడు తండ్రి ఫోటో పక్కన కూర్చున్న హరి, తల గొరిగించుకున్న పిల్లవాడు, మెల్లగా అడిగాడు. “అయితే వదినా, ఆ రెండింట్లో నాది యాది?”

నాకు ఆ జవాబు చాలా ఏళ్ళుగా తెలుసు. ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి పలక మీద రెండుసార్లు వేసి చూశాను. నోరు కట్టేసుకొని ఉంచాను, వాళ్ళ నాయన తన నోరు విప్పేదాకా అని. ఇప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. తెరిచింది అక్క.

“రేపు పొద్దున ఇంటికి రా నాయనా. మా చెల్లి రాజి చేత్తో లెక్క వేసి చెబుతాది,” అంది. “ఇడ్లీ తిని పోదువులే.”

రేపు అతను వస్తాడు. పలక కడిగి పెట్టాను. రెండుసార్లు వేస్తాను, ఒక్క అంకె మార్చను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కుజుడు తొమ్మిదో ఇంట్లోనే ఉన్నాడని చెబుతాను. మా అక్క పిలిచింది గనుక. అతని తండ్రిని క్షమించమని మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు.

ఇది చదివిన మీరు భక్తులైతే, ఒక్క నిమిషం చేతులు జోడించి నాతో కలిసి ఇలా ప్రార్థించండి. స్వామీ, గోళ్ళున్న తండ్రీ, నీ లోకంలో ఒక రేకుల గది వెయ్యి. అందులో ఎప్పుడూ కత్తిరి మధ్యాహ్నమే ఉంచు. దేవరాజులును ఆ మెషీన్ ముందు కూర్చోబెట్టి, మా పద్మక్క జాతకం తీయించు. అది సరిగ్గా వచ్చేదాకా, సరిగ్గా వచ్చిందని ఆయన తన నోటితో గట్టిగా చదివేదాకా, లేవనివ్వకు. చదివిన తర్వాత నీ ఇష్టం.